చూసినందుకూ కూలీ ఇవ్వాలి

కాలువలు కట్టేసిన రోజు నుంచి మళ్లీ నీళ్లు వదిలే రోజు దాకా ఉన్న కొద్ది వారాల్లోనే కృష్ణా డెల్టా దిగువన మట్టి పనులన్నీ తెమలాలి. పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లే రోడ్డు మీద అప్పుడు పొక్లెయిన్లు ఎక్కించుకున్న ట్రైలర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒకటి పూడిక తీయడానికి, ఇంకొకటి నాగాయలంక వైపు రొయ్యల చెరువు గట్లకు, మరొకటి దివిసీమ కరకట్టకు. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన సీమలో కరకట్ట పని ఆగడమంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఈ యంత్రాల్లో చాలావాటికి ఇప్పుడున్నవాళ్లు రెండో యజమానులో మూడో యజమానులో. అలాంటి బండి పని మధ్యలో తెర మీద ఒక అంకె చూపించి, తనంతట తానే ఆర్‌పీఎం తగ్గించేసుకుంటుంది. ఆపరేటర్ ఫోన్ చేస్తాడు. "సెన్సర్ పోయుంటుందన్నా, కొత్తది వేసేద్దాం" అని అవతలి నుంచి జవాబు. కొత్తది వేస్తారు. రెండు రోజులకు మళ్లీ అదే అంకె. యజమానికి డబ్బు పోయింది, మెకానిక్‌కు పేరు పోయింది, పని మాత్రం గట్టు మీదే ఉంది.

ఫాల్ట్ కోడ్ ఒక ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. విచారణ మెకానిక్ చేయాలి.

భారీ డీజిల్ యంత్రాల్లో చాలావరకు అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ రూపొందించిన జే1939 పద్ధతిలో మాట్లాడతాయి. అందులో ప్రతి కోడ్‌కూ రెండు భాగాలు. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఎక్కడ అన్నది. 100 అంటే ఆయిల్ ప్రెషర్, 110 అంటే ఇంజన్ నీళ్ల వేడి, 157 అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో (రైలులో) ఒత్తిడి, 97 అంటే డీజిల్లో నీళ్లు. రెండోది ఎఫ్‌ఎంఐ, అంటే ఎలాంటి తేడా అన్నది. 0 అయితే కొలత నిజంగానే హద్దు దాటి పెరిగింది, 1 అయితే నిజంగానే పడిపోయింది. 3 అయితే సెన్సర్ వైరులో వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అయితే తక్కువ. చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు. అసలు దారి చూపేది రెండోది.

110 పక్కన 0 ఉంటే ఇంజన్ నిజంగానే కాగిపోతోంది. రేడియేటర్‌కు పట్టిన వరిగడ్డి పొట్టు, బురద, ఫ్యాన్ బెల్టు చూడాలి. అక్కడ సెన్సర్ మార్చి బండి నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. అదే 110 పక్కన 4 ఉంటే అది కరెంటు గొడవ. అలాగే 100 పక్కన 1 కనిపిస్తే ఇంకో బకెట్ మట్టి కూడా ఎత్తకుండా ఇంజన్ ఆపేయాలి. ఆయిల్ లెవెల్ చూసి, మామూలు గేజి బిగించి ప్రెషర్ కొలిచాకే తర్వాతి మాట.

110-4 వచ్చిందనుకుందాం. ఆ సెన్సర్‌కు రెండే వైర్లు. ఇంజన్ కంప్యూటర్ ఈసీఎం లోపలి నుంచి ఐదు వోల్టులు వస్తాయి. వేడి పెరిగే కొద్దీ సెన్సర్ నిరోధం తగ్గి, వోల్టేజీ కిందకు దిగుతుంది. ఇప్పుడు కీ ఆన్‌లో ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, సెన్సర్ కప్లర్ ఊడదీయాలి. తెర మీద 4 కాస్తా 3గా మారితే వైరు బాగుంది, సెన్సర్ లోపలే షార్ట్ అయింది. అప్పుడు కొత్తది కొనొచ్చు. ఊడదీసినా 4 అలాగే ఉంటే సెన్సర్‌కు ఏ పాపమూ తెలియదు, వైరు ఎక్కడో రాసుకుని బాడీకి ఎర్త్ అవుతోంది. మొదట వచ్చిందే 3 అయితే కప్లర్ రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలిపి చూడాలి. కోడ్ 4కు మారితే వైరింగ్ సరే, సెన్సరే తెగింది. ఈ కలిపి చూసే పని రెండు వైర్ల వేడి సెన్సర్‌కే. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ దగ్గర అలా చేస్తే ఐదు వోల్టుల లైనే షార్ట్ అవుతుంది.

ఇంతా కలిపి పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు.

కొమాత్సు పీసీ200-8 లాంటి వాటిలో ఇంజన్ కమ్మిన్స్ కుటుంబానిది, కోడ్లు సీఏ అక్షరాలతో మొదలవుతాయి. సీఏ451 అంటే రైలు ప్రెషర్ సెన్సర్ వోల్టేజీ ఎక్కువైంది. సీఏ559 అంటే పంపు నుంచి ఒత్తిడే రావడం లేదు. రెండూ రైలు ఒత్తిడి గురించే. మొదటిదానికి మీటరు పట్టుకోవాలి. రెండోదానికి ముందు డీజిల్ ఫిల్టరు విప్పాలి. చెరువు గట్టు మీద డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్లో నీళ్లు, తుప్పు చేరడం కొత్త సంగతి కాదు.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వస్తే కొందరు నాలుగైదు సెన్సర్లకూ ఆర్డరు పెట్టేస్తారు. అన్నీ కలిసి ఒక్కరోజే పోవు. చాలా ప్రెషర్ సెన్సర్లకు ఐదు వోల్టుల లైను ఉమ్మడి. అందులో ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ గగ్గోలు పెడతాయి. ఒక్కొక్క కప్లర్ ఊడదీస్తూ పోతే, దేన్ని తీసినప్పుడు ఐదు వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ. ఈసీఎం లాంటి కంట్రోల్ డబ్బాల మధ్య సంభాషణే తెగిపోయిందని కోడ్ వస్తే, బ్యాటరీ తప్పించి, వాటిని కలిపే రెండు క్యాన్ వైర్ల మధ్య నిరోధం కొలవాలి. అరవై ఓములు ఉండాలి. నూట ఇరవై చూపిస్తే రెండు చివర్లలో ఉండే రెసిస్టర్లలో ఒకటి లేనట్టో, మధ్యలో వైరు తెగినట్టో.

మంగినపూడి, నాగాయలంక తీరాన పనిచేసిన బండికి ఇంకో శత్రువు ఉప్పు గాలి. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. బురద వదిలించాలని ప్రెషర్ పంపుతో ఇంజన్ కడిగితే ఆ నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి. వోల్టేజీ చూడటానికి వైరు తొడుగును సూదితో గుచ్చే అలవాటు కూడా మానాలి. ఆ రంధ్రంలోంచి ఉప్పు తేమ దిగి, రాగి లోపల్లోపలే కుళ్లిపోతుంది. కప్లర్ వెనక వైపు నుంచి సన్నని ప్రోబ్ పెట్టి చూసే పద్ధతి ఉంది. నేర్చుకుంటే గంటలో వస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందు తెల్లవారుజామున వెళ్లాలి. రాత్రంతా ఆగిన ఇంజన్‌కు స్కానర్ తగిలించి, స్టార్ట్ చేయకుండా కీ మాత్రమే వేయాలి. నీళ్ల వేడి, గాలి వేడి, డీజిల్ వేడి మూడూ ఇంచుమించు ఒకటే చూపాలి. చల్లటి ఇంజన్ ఎనభై డిగ్రీలు చూపిస్తే ఎవరో సెన్సర్ స్థానంలో రెసిస్టర్ పెట్టారేమోనని అనుమానించాలి. ఆయిల్ ప్రెషర్ సున్నా ఉండాలి. టర్బో గాలి ఒత్తిడిని వాతావరణంతో కలిపి చూపే బండి అయితే, సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న మన ఊళ్లలో సుమారు నూట ఒక్క కిలోపాస్కల్ చూపాలి. తర్వాత పాత కోడ్లన్నీ రాసుకుని, చెరిపేసి, బండికి గంటసేపు గట్టి పని చెప్పి, మళ్లీ చదవాలి. తిరిగి వచ్చినవే అసలు జబ్బులు.

మెకానికల్ పంపు ఉన్న పాత టాటా హిటాచీలకు ఈ బాధ లేదు. కానీ కాలం అటు పోవడం లేదు. టైర్ల మీద నడిచే జేసీబీల వంటి యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి సీఈవీ స్టేజ్-4, 2025 జనవరి 1 నుంచి సీఈవీ స్టేజ్-5 పొగ నిబంధనలు వచ్చాయి. ప్రతి మెట్టుకూ సెన్సర్లు పెరుగుతున్నాయి.

మెకానిక్‌లకు ఒక మాట. కామన్ రైలు పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ నట్లు వదులు చేయొద్దు, లీకు కోసం చేత్తో తడమొద్దు. ఆ డీజిల్ ధార చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న గాటే కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

యజమానులకు ఇంకో మాట. మార్చిన సామానుకు డబ్బిస్తాం, చూసినందుకు ఇవ్వం. అందుకే మెకానిక్ కూడా చూడటం మానేసి మార్చడం నేర్చుకున్నాడు. ఈసారి మీటరు పట్టుకుని గంటసేపు వెతికిన మనిషికి, ఏమీ మార్చకపోయినా, ఆ గంట కూలీ ఇవ్వండి. ఏ పిన్నులో ఎన్ని వోల్టులు వచ్చాయో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితాలు బండి పుస్తకంలో దాచి, అమ్మే రోజున కొనేవాడి చేతిలో పెట్టండి.