వాసన పట్టే వృత్తి

న్యూజెర్సీలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఏడాదిగా తడిసిన గోనెసంచి వాసన. మొదట వచ్చినాయన పరీక్ష ఉచితమన్నాడు. పావుగంటలో గాలి శాంపిల్ తీసి, బూజు వదిలించడానికి వేల డాలర్ల అంచనా చేతిలో పెట్టాడు. వదిలించేదీ ఆయనే మరి!

రెండో ఆయన మరమ్మతులు చెయ్యడు, చూసి చెప్పడమే పని. ఆ మాటకే సగం నమ్మాను. లోపలికి రాకముందే ఇంటి చుట్టూ తిరిగి, చూరు నీళ్లు గొట్టంలోంచి సరిగ్గా పునాది పక్కనే పడుతున్నాయని పట్టేశాడు. తర్వాత కిందికి దిగి, కాసేపు కదలకుండా నిలబడి వాసన చూశాడు. తేమ మీటరు సూదులు గోడ అడుగున ఒకసారి, రెండడుగుల పైన ఒకసారి గుచ్చుతూ అంకెలు పెన్సిల్‌తో గోడమీదే రాసుకున్నాడు. అడుగున ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. బూజు కంటికి కనిపిస్తూంటే శాంపిల్ దేనికన్నాడు. ముందు నీళ్లాపండి, గాల్లో తేమ 50 శాతం దాటనివ్వకండి అన్నాడు.

నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు రేడాన్ సంగతి వేరు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఎంత ఘనమైన ముక్కైనా చేతులెత్తేయాల్సిందే. డబ్బు తీసుకుని రేడాన్ పరీక్ష చేసేవాళ్లకు న్యూజెర్సీలో రాష్ట్ర సర్టిఫికేషన్ ఉండాలి. నేను అడక్కముందే కార్డు చూపించాడు. 12 గంటల ముందునుంచే కిటికీలు మూయించి, 48 గంటలు యంత్రం ఉంచాడు. లీటరు గాలికి 4 పికోక్యూరీలకు చేరితే బాగుచేయించమంటుంది అమెరికా పర్యావరణ సంస్థ. మాది 1.7.

వెళ్తూ వెళ్తూ, చూరు గొట్టానికి తగిలించే ఆరడుగుల ముక్క ఏ కొట్లో చవకో చెప్పాడు.