గుర్తు – గారడి : పర్యాయపదముల పరిమితి

అమరకోశము చిహ్నము, లక్షణము, లాంఛనము, అంకము, కళంకము, లక్ష్మము అను ఆఱు మాటలను ఒక్కచోట కూర్చినది. మఱియొక వర్గమున మాయకు శాంబరిని జతపఱచినది. కంఠస్థము చేయువారికిని, ఛందస్సునకు తగిన పదమును వెదకుకొను కవులకును ఈ కూర్పు గొప్ప యుపకారము. కాని ఇదే పద్ధతిని తెలుగు మాటలకు వర్తింపజేసి, గుర్తనగా ఆనవాలు, ఆనవాలనగా గుర్తు అని చెప్పి ఊరకుండుట అర్థవివేచన కాజాలదు.

ఆ ఆఱింటినే చూడుడు. తెలుగున లక్షణము రోగమునకును కావ్యమునకును చెందినది. అంకము నాటకభాగమైనది. కళంకము చంద్రునిలోని మచ్చనుండి దిగివచ్చి మనుష్యుని నడతకు నిందయైనది. దేశ్యపదములలోను ఇట్టి భేదమే కలదు. గుర్తు మనము పెట్టుకొనునది; జాడ పోయినవారు విడిచినది; ఆనవాలు చూచినవారికి నమ్మకము కలిగించునది. సీత వానరుల నడుమ జారవిడిచిన నగలమూట ఆమె పోయిన త్రోవకు జాడ. హనుమంతుని చేతికిచ్చిన చూడామణి ఆనవాలు.

ఇక మాయ సంగతి. మంత్రము పలుకుబలము. కనికట్టు చూపును కట్టివేయు నేర్పు. కన్నడమునను తమిళమునను ‘కణ్‌కట్టు’ అను మాట దీని తోబుట్టువే. గారడి మొదట పాము విషమునకు విఱుగుడైన గారుడవిద్య. కన్నడమున గారుడిగను, మరాఠీలో గారుడీగను అది వీధివినోదమైనది. చేతబడి యన్ననో పరులకు కీడు చేయుట. కనికట్టు చేసినవానికి జనులు డబ్బులిత్తురు. చేతబడి చేసెనన్న అపవాదు పడినవారు ప్రాణములే కోల్పోయిన సందర్భములు కలవు. మహారాష్ట్రమునను ఒడిషాలోను 2013లోను, కర్ణాటకమున 2017లోను ఇట్టి దురాచారములపై శాసనములు చేయవలసివచ్చినది. కావున ఈ పదభేదము పండితుల వినోదము మాత్రమే కాదు.

ఈ రెండు పదకుటుంబములు కలిసికొను చోటులును కలవు. శిశువు బుగ్గపై దిష్టిచుక్క గుర్తే, రక్షయు అదియే. కంటికి సొగసైన అంజనము దొంగను చూపునని నమ్మబడిన విద్యకును పేరైనది. తమిళమున ‘కుఱి’ యనగా గుర్తు. సోది చెప్పుటయు ‘కుఱి’ చెప్పుటయే. తెలుగువారు దానినే ‘ఎఱుక’ యనిరి. అచట సాధనమును బట్టి పేరు, ఇచట ఫలమును బట్టి పేరు. రెండు భాషల నడుమ బ్రదుకు మనవంటివారికి ఈ తారతమ్యము సులభముగా తోచును. ఒక్క భాషయే యెఱిగినవారికి ఈ సౌకర్యము లేదు.

ఇరుగుపొరుగు భాషలవలన మన పలుకుబడికి ముప్పు కలదని భయపడువారు కలరు. పైని చూపిన మాటలు ఆ భయమును సమర్థింపవు. పొరుగుమాట మన మాటకు వెలుగునే ఇచ్చినది. అన్నింటికిని ‘మార్కు’, అన్నింటికిని ‘మ్యాజిక్కు’ అని సరిపెట్టుకొనుటయే అసలు నష్టము. పిల్లలకు పర్యాయపదములు వల్లింపజేసినంత మాత్రమున చాలదు. ఏ మాట ఎచట చెల్లదో గూడ చెప్పవలెను. ఆ పని నిఘంటువుకన్న ఇల్లే బాగుగా చేయగలదు.