నాలుగో మెట్టు ఏ భాషలో?

జార్జ్ పోల్యా 1945లో రాసిన ‘హౌ టు సాల్వ్ ఇట్’ గురించి టీచర్ ట్రైనింగులో చదువుకున్నాం. సమస్యను అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, చేసి చూడు, చేసినదాన్ని మళ్లీ చూసుకో. ఈ నాలుగు మెట్లనూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఆలోచించడం నేర్పే పుస్తకాన్ని ఆలోచించకుండానే దాటేశాం.

బడిలో నాలుగో మెట్టు విలువ తెలిసింది. మూడో తరగతి పిల్ల 52లోంచి 27 తీసేసి 35 అని రాసింది. ‘ఎలా చేశావమ్మా?’ అని తెలుగులో అడిగితే తలదించుకుంది. మా కోయలో అడిగితే వేళ్లు చూపిస్తూ చెప్పింది: ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు. ఎక్కడైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీసేసింది! ‘35కి 27 కలిపి చూడు’ అన్నాను. 62 వచ్చింది. తప్పు తనే పట్టుకుంది. మెటాకాగ్నిషన్ అనే పెద్ద మాటకు అర్థం ఇదే: తన ఆలోచనను తానే గమనించుకోవడం.

పోల్యా ప్రశ్నలు మంచివే. కానీ టీచరు భాష, పిల్లల భాష ఒకటే అన్నట్టు ఆయన రాశాడు. మన బడుల్లో అది నిజం కాదు. మాట దొరక్క ఊరుకున్న పిల్లను మనం ‘వెనకబడింది’ అంటున్నాం.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది. అయితే వాచకం ఒక్కటే చాలదు. ‘ఎందుకు?’ అనే ప్రశ్న కూడా పిల్లల భాషలోనే ఉండాలి. మీకు ఆ భాష రాకపోతే, ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. ఇంటూ మార్కు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి వినండి.