అద్దె విమానం, ఆడి గాలి

తమిళనాడులో, రాజపాళయం దగ్గరి మా మంసాపురంలో పుట్టినవాళ్లకు గాలి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పడమటి కనుమలు ఊరి పక్కనే ఉన్నాయి. కేరళలో వానలు మొదలైతే చాలు, సెంగోట్టై కనుమ గుండా గాలి మావైపు దూసుకొస్తుంది. తమిళ నెల ఆడిలో (జూలై–ఆగస్టు) కొబ్బరి మట్టలు రాత్రంతా కొట్టుకుంటూనే ఉంటాయి. తెన్‌కాశి, కయత్తారు చుట్టుపక్కల పొలాల్లో అన్ని గాలిమరలు లేచింది ఆ గాలిని నమ్ముకునే.

విమానం నడపడం నేర్చుకునేటప్పుడు ఈ గాలే నాకు అన్నిటికంటే బాగా అర్థమైన పాఠం. కొండ దాటిన గాలి ఇవతలి వైపు నున్నగా దిగదు, సుళ్లు తిరుగుతూ దిగుతుంది. ఆ సుడిలో పడితే ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నా చిన్న విమానం కిందికి జారుతూనే ఉంటుంది. అందుకే కొండవైపు వెళ్లాలంటే ఎత్తు ముందే ఎక్కి ఉండాలి. ఏటవాలుగా దగ్గరవ్వాలి. వెనక్కి తిరగడానికి ఎప్పుడూ చోటు ఉంచుకోవాలి. దిగేటప్పుడు గాలి పక్కనుంచి కొడుతుంటే ముక్కును గాలివైపు తిప్పి, విమానం నడకను మాత్రం రన్‌వే గీత మీదే ఉంచి, చక్రాలు తాకే క్షణంలో పాదంతో నిటారు చేయాలి. మా ఇన్‌స్ట్రక్టర్ దీన్ని నోటితో చెప్పింది తక్కువ. తన చేతులు ఒళ్లో పెట్టుకుని, నా చేతులకే వదిలేసేవారు.

శిక్షణ విమానానికి అద్దె గంటల లెక్కన. గంటకు పదివేల రూపాయలు దాటుతుంది. చాలా సెస్నా విమానాల్లో హాబ్స్ మీటర్ అని ఒకటి ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపే అది తిరుగుతుంది, బిల్లు దాన్నిబట్టే. అంటే ఇంజిన్ వేయకముందు విమానం చుట్టూ తిరిగే సమయానికి పైసా ఖర్చు లేదు. ఈ పనిలో అసలు చదువు అక్కడే ఉందని నా నమ్మకం. రెక్క కింద చిన్న వాల్వు నొక్కి పారదర్శకమైన గ్లాసులోకి ఇంధనం పట్టాలి. ఏవ్‌గ్యాస్ లేత నీలంగా ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి చేరిన నీరు ఉంటే గ్లాసు అడుగున బొట్టుగా కనిపిస్తుంది. గేజీని నమ్మకుండా రెక్క పైకెక్కి, ట్యాంకులో పుల్ల ముంచి మట్టం చూడాలి. ఆయిలు చూడాలి. ప్రొపెల్లర్ అంచు వెంట వేలు నడిపి గాటు పడిందేమో తడమాలి. గాలివేగం చెప్పే పిటో గొట్టంలో పురుగు గూడు కట్టిందేమో చూడాలి. కింద ఉన్నప్పుడు వదిలేసింది ఏదైనా పైకి వెళ్లాక చేతికి అందదు. తొందరపడే కుర్రవాళ్లను చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

పైకెళ్లాక భయపెట్టేది స్టాల్. ఇంజిన్ ఆగిపోవడం స్టాల్ అనుకుంటారు చాలామంది. ఇంజిన్ చక్కగా నడుస్తూనే ఉంటుంది. రెక్క గాలిని మరీ ఎత్తు కోణంలో, దాదాపు పదిహేను డిగ్రీలు దాటి ఎదుర్కొంటే, పైన పారే గాలి విడిపోయి రెక్కకు మోసే బలం పోతుంది. విమానం జారుతుంటే చేతులు కంట్రోలును వెనక్కి లాగాలని తహతహలాడతాయి. ముందుకు తోయాలి. ఆ ఒక్క కదలిక ఒంట్లో ఇంకేవరకూ గంటలు కొనుక్కుంటూనే ఉండాలి.

మన దేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, 40 గంటలు ఎగరాలి. కొలువు కోసం నడిపే కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు. నా బెంగంతా ఈ రెండో అంకె గురించే. శిక్షణ సంస్థల విమానాలన్నీ ఆ 200 గంటల కోసం క్యూలో నిలబడ్డ పిల్లలకే సరిపోతున్నాయి. పిల్లలది న్యాయమైన తొందరే, తల్లిదండ్రులు లక్షలు అప్పు తెచ్చి పంపుతున్నారు. కానీ 40 గంటలతో లైసెన్సు తెచ్చుకుని, ఆ తర్వాత వీలున్నప్పుడు ఒక గంట విమానం అద్దెకు తీసుకుందామనుకునే టీచరుకో డాక్టరుకో చోటే దొరకడం లేదు.

మొదట్లో ఇలా లేదు. 1928లో ఢిల్లీలో, బొంబాయిలో మొదలైనవి ఫ్లయింగ్ క్లబ్బులు. బొంబాయి క్లబ్బులో సరదాకు నేర్చుకున్న జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు అందుకున్నారు. మూడేళ్లకు తపాలా సంచులతో కరాచీ నుంచి బొంబాయికి తానే నడిపారు. ఆ తపాలా బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. అలహాబాద్ క్లబ్బులో ఎగరడం నేర్చిన, దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఎవరు ఎందుకు నేర్చుకుంటున్నారో క్లబ్బు అడగలేదు.

విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2022లో కడపలో, సేలంలో శిక్షణ సంస్థలకు చోటిచ్చింది. మాకు ఇంకా దగ్గర, కోవిల్‌పట్టిలో లక్ష్మీ మిల్స్ వారి పాత రన్‌వే ఉంది. అక్కడ శిక్షణ సంస్థ పెట్టాలన్న ప్రతిపాదనను తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో ముందుకు తెచ్చింది. ఈ కరిసల్ (నల్లరేగడి) నేలకు విమానాలు కొత్తేమీ కాదు. రాజపాళయంలో 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా పెట్టిన నూలు మిల్లుతో మొదలైన వ్యాపార కుటుంబం నుంచే రామ్‌కో సిస్టమ్స్ వచ్చింది. విమానాల, హెలికాప్టర్ల మరమ్మతుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అది చేస్తోంది.

కోవిల్‌పట్టిలో బడి తెరిచేవారిని నేను కోరేది ఒక్కటే. రెండు విమానాలను 200 గంటల వరుసకు బయట ఉంచండి. లైసెన్సు ఉన్నవాళ్లను ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చోబెట్టి పరీక్షించండి, తర్వాత గంటకింతని అద్దెకివ్వండి. ఆడి నెలలో మధ్యాహ్నం గాలి లేచాక ఎవరికీ ఇవ్వకండి, తెల్లవారుజామున ఇవ్వండి. మంసాపురం నుంచి చీకటితోనే బస్సెక్కి రావడానికి నేను సిద్ధం.