ఒక్క నట్టు విప్పితే చాలు

పాత బుల్లెట్ 350కి కుడిపక్క, సిలిండర్ మొదట్లో అరచేతికన్నా చిన్న మూత ఒకటి ఉంటుంది. మధ్యలో ఒక్క నట్టు. అది విప్పితే లోపల రెండు పుష్‌రాడ్లు నిటారుగా కనిపిస్తాయి. ఒకటి ఇన్‌లెట్ వాల్వుది, రెండోది ఎగ్జాస్ట్ వాల్వుది. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకొసకు తెచ్చి, రాడ్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడాలి. హాయిగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. టాపెట్లు సరిచేయడమంటే ఇంతే. ఫీలర్ గేజీతో పనిలేదు. ఇంజిన్ చల్లగా ఉండాలి, చిన్న స్పానర్లు రెండు మూడు చేతిలో ఉండాలి. బండి నడిచి వేడెక్కాక సిలిండర్ సాగి, కావలసిన సందు దానంతటదే ఏర్పడుతుంది.

ఈ ఇంజిన్ గీసినవాళ్లమీద నాకున్న గౌరవం ఆ మూత దగ్గరే మొదలైంది. బండి కొన్నవాడు దాన్ని ఇంటిముందు పెట్టుకుని విప్పుతాడని వాళ్లు ముందే అనుకున్నారు. తరచూ ఏది చూసుకోవలసి వస్తుందో ఆలోచించి, సరిగ్గా అక్కడికి చెయ్యి వెళ్లేలా దారి ఉంచారు.

బుల్లెట్ అనే పేరు 1932 నాటిది, పుట్టింది ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో. మన సైన్యం ఈ బళ్లను ఎంచుకున్నాక, 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి మద్రాసు పక్కన తిరువొత్తియూరులో పని మొదలైంది. తొలి రోజుల్లో ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి బిగించేవారు. తర్వాత అన్నీ ఇక్కడే తయారయ్యాయి. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడినా తిరువొత్తియూరులో పని ఆగలేదు. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. బోరుకన్నా స్ట్రోకు పొడవు కాబట్టే ఆ నిదానమైన చప్పుడు, తక్కువ వేగంలో కూడా గుంజుకుపోయే లాగుడు. శక్తి 18 హార్స్‌పవరే, అయినా ఇద్దరినీ సామాన్లనూ ఎక్కించుకుని కొండెక్కుతుంది.

ఇప్పుడు ఎడమపక్కకు వద్దాం. ఇంజిన్ నుంచి గేర్‌బాక్సుకు శక్తినిచ్చే ప్రైమరీ చైనూ క్లచ్ ప్లేట్లూ పెద్ద అల్యూమినియం కవర్ లోపల ఉంటాయి. చాలా బళ్లకు ఇలాంటి కవర్ చుట్టూ వరసగా స్క్రూలు ఉంటాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే ఆయిల్ కారుతుంది. బుల్లెట్‌కు మొత్తం కవర్‌ను పట్టి ఉంచేది మధ్యలో ఉన్న ఒక్క నట్టే. ఆయిల్ వంచేసి, ఫుట్‌రెస్టూ బ్రేకు పెడలూ అడ్డం తీసి, ఆ నట్టు విప్పితే కవర్ చేతిలోకి వచ్చేస్తుంది. అంచున రబ్బరు సీలు ఉంటుంది, మధ్య నుంచి పడే ఒత్తిడిని అంచంతా సమంగా పంచుకుంటుంది. మోటుగా బిగిస్తే మాత్రం కవర్ వంగి కారడం మొదలవుతుంది. ఎంత బిగువు చాలో చెయ్యి నేర్చుకోవాలి.

చేతికి అంత పని చెప్పేవి ఇగ్నిషన్ పాయింట్లు కూడా. వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అది కుదిరాక టైమింగ్ చూసుకోవాలి. పాతకాలం మెకానిక్కులు సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి, ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగుతుంటారు. పట్టు వదిలి కాగితం జారిన క్షణమే నిప్పురవ్వ పుట్టే క్షణం. అప్పటికి పిస్టన్ పైకొసకు మిల్లీమీటరు లోపు దూరంలో ఉండాలి. కంటికి ఆనని కదలికను వేలికొసతో కొలిచే పద్ధతి ఇది. చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

బండి స్టార్ట్ చేయడంలోనూ మనిషికీ ఇంజిన్‌కూ మధ్య ఇలాంటి సంభాషణే ఉంది. తాళం తిప్పి కిక్‌ను మెల్లగా తొక్కుతుంటే ఆమ్మీటర్ ముల్లు ఒక పక్కకు వాలి ఉంటుంది. పాయింట్లు తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. డీకంప్రెసర్ లీవర్ నొక్కి పిస్టన్‌ను పైకొస దాటించి, లీవర్ వదిలి, కాలు నిండుగా దించితే ఇంజిన్ అందుకుంటుంది. బలంతో కాదు, వరసతో స్టార్టయ్యే బండి. గేర్ లీవర్ దగ్గరే చిన్న న్యూట్రల్ ఫైండర్ ఉంటుంది. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేంట్లో ఉన్నా మడమతో ఒక్క నొక్కు నొక్కితే నేరుగా న్యూట్రలే. ఊళ్ల మధ్య ఆగుతూ సాగుతూ పోయేవాడికి ఆ ఫైండర్ విలువ తెలుస్తుంది.

ఈ పనితనమంతా రుజువయ్యేది ప్రయాణంలో. మా మిత్రబృందం రాజమండ్రి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు ఘాట్ దిగాలనుకుంటే, అంతకుముందు ఆదివారం ఎవరో ఒకరి ఇంటి వాకిట్లో బళ్లన్నీ చేరతాయి. "ఒరేయ్, నీ టాపెట్ మోగుతోంది, ఆగి విను" అని ఒకడు. "చైను మరీ బిగించావు, మనిషి కూర్చున్నాక చూడు" అని ఇంకొకడు. ఎవరి సంచిలో ఏముండాలో కూడా అక్కడే పంచుకుంటారు: ఒకరికి పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఇంకొకరికి ప్లగ్గులు, చైన్ లాకు, మరొకరికి ట్యూబు, పంపు. కొత్త క్లచ్ కేబుల్‌ను పాత కేబుల్ పక్కనే వేసి టేపు చుట్టి ఉంచుతారు. ఘాట్‌లో తెగితే రెండు కొసలూ మార్చుకుంటే సరి. ఇంజిన్ అదురుకు నట్లు వదులవుతాయి కాబట్టి టీ కోసం ఆగిన చోటల్లా ఒక స్పానర్ బయటికి వస్తుంది. నలుగురూ ఒకే ఇంజిన్‌ను వేళ్లతో ఎరిగినవాళ్లయితే దారిలో ఏ బండి మొరాయించినా అది అందరి పనీ అవుతుంది. మా స్నేహం ముదిరింది ఎక్కువగా ఆ వాకిట్లోనే.

ఈ బండికి లోపాలు లేవని అనను. డ్రమ్ము బ్రేకులను ఓపిగ్గా చూసుకోవాలి, ఆయిల్ చెమ్మను తుడుస్తూ ఉండాలి. 2009లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన క్లాసిక్ మోడల్ ఇంతకన్నా శుభ్రంగా, తక్కువ సేవతో నడుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడు దాన్ని కోరుకోవడం న్యాయమే.

కానీ ఒక వస్తువులోని పనితనాన్ని చూడాలంటే అది ఎంతకాలం చెడిపోకుండా ఉంటుందన్నది ఒక్కటే కొలత కాదు. చెడినప్పుడు యజమానిని ఎలా చూస్తుందన్నదీ కొలతే. ఎక్కడైనా పాత బుల్లెట్ ఎదురైతే ముందు ట్యాంకు మీది బంగారు గీతను పక్కనుంచి చూడండి. కుంచెతో చేత్తో గీసిన గీత అయితే రంగు సన్నగా పైకి తేలి ఉంటుంది. తర్వాత యజమాని ఒప్పుకుంటే ఆ చిన్న మూత తీయించి పుష్‌రాడ్ తిప్పి చూడండి. గీత గీసిన చెయ్యీ, ఆ మూత అక్కడ పెట్టాలనుకున్న బుర్రా ఒకే మర్యాద పాటించాయని తెలుస్తుంది: తమ పని మరొకరి చేతిలో కొనసాగాలని ఆ ఇద్దరూ కోరుకున్నారు.