పాత ఓపెన్ జీపు, కమాన్ పనితనం

జగిత్యాల మామిడి తోటల్లోనో, కోరుట్లలో పెళ్లి బరాత్ ముందో టాపు తీసిన పాత జీపు కనిపిస్తే ఇప్పుడు కుర్రాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో బస్సు లేని ఊళ్లకు అదే బస్సు. ధర్మపురి, కథలాపూర్, వేములవాడ దారుల్లో లోపల పదిమంది, వెనక మెట్టు మీద వేలాడుతూ నలుగురు పోయేవారు. అంతకుముందు జీపంటే సర్కారు బండి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు చూసిన పెద్దలకు ఆ ఇంజన్ చప్పుడుతో ముందుగా పోలీసులే గుర్తొస్తారు.

ఆ బండ్లే ఇవాళ ముచ్చట పడి కొనుక్కునే వస్తువులయ్యాయి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, తోటల యజమానులు, రంగుల మీద మోజున్న యువకులు వాటిని వెతికి కొంటున్నారు. పెయింటు, పెద్ద టైర్లు, అదనపు లైట్లు అన్నీ అమరుస్తారు. అంతా అయ్యాక కోరుట్ల నుంచి వేములవాడ దాకా ఒకసారి పోయివస్తే నడుము పట్టేస్తుంది. ‘పాత జీపు ఇంతే’ అని సరిపెట్టుకుంటారు. ఇంతే కాదు. ఈ బండిని మెత్తగా నడిపించే పనితనం మన ఊళ్లలోనే, లారీలు ఆగే రోడ్డు పక్కన ‘కమాన్ వర్క్స్’ బోర్డు కింద ఉంది. దాన్ని అడిగి చేయించుకోవడమే మర్చిపోయాం.

ముందు ఆ బండి పుట్టుక తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపును 1940ల చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలో విడిభాగాలతో కూర్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సీజే-3బీ, ఎంఎం 540, కమాండర్ అంటూ దాని సంతతి మన పల్లెల దాకా వచ్చింది. వీటన్నిటికీ ముందూ వెనకా కమాన్ పట్టీలే, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు స్ప్రింగు పట్టీలే. 2010లో వచ్చిన థార్‌కు ముందు పట్టీలు పోయి టార్షన్ బార్లు వచ్చాయి, వెనక మాత్రం పట్టీలే ఉన్నాయి. 2020 థార్‌తో నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇంగ్లండ్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ లాంటి టాపు మడిచే స్పోర్ట్స్ కారుకూ వెనక కమాన్ పట్టీలే. కాబట్టి ఇక్కడ చెప్పే పనిలో చాలా భాగం అలాంటి కారుకూ వర్తిస్తుంది.

మన జీపులకు ప్రత్యేకంగా ఒక కష్టం ఉంది. సవారీలు కొట్టిన రోజుల్లో పదిహేను మందిని మోయడానికి కమాన్ కట్టలో అదనంగా పట్టీలు వేయించారు. ఇప్పుడు అదే కట్ట మీద భార్యాభర్తలిద్దరు కూర్చుంటున్నారు. ఆ బరువుకు అది వంగనే వంగదు. పైగా ఏళ్ల తరబడి వానకు తడిసి, బురద ఎండి, పట్టీల మధ్య తుప్పు పేరుకుంది.

ఈ తుప్పు చేసే నష్టం ఎంతో చాలామందికి తెలియదు. పత్తాల కట్టను చేతుల్లో పట్టుకుని వంచితే ఆకులు ఒకదాని మీద ఒకటి జారి సులువుగా వంగుతుంది. అదే కట్టను జిగురుతో అంటిస్తే చెక్కముక్కలా బిగుసుకుంటుంది. కమాన్ కట్ట కూడా అంతే. సమాన పొడవున్న ఎనిమిది పట్టీలు విడివిడిగా జారుతుంటే ఉండే గట్టిదనం కంటే, పూర్తిగా అతుక్కుపోయిన ఎనిమిది పట్టీల గట్టిదనం లెక్క ప్రకారం 64 రెట్లు. నిజం బండిలో తుప్పు అంత పూర్తిగా అతికించదు. కానీ చిన్న గతుకు వచ్చినప్పుడు పట్టీలు జారవు. ఆ దెబ్బ నేరుగా చాసిస్‌కు, చాసిస్ నుంచి సీటుకు, సీటు నుంచి వెన్నుపూసకు పోతుంది. పెద్ద గుంతలో కొంత వంగే జీపు, నున్నగా కనిపించే తారు రోడ్డు మీదే గడగడలాడుతుందంటే కారణం ఇదే.

కాబట్టి నా మాట ఒకటే. పాత జీపును మెత్తబరచాలంటే ముందు పట్టీలు తీయించవద్దు, పట్టీలను జారనివ్వండి. తీయడం, మార్చడం తర్వాతి సంగతి.

కోరుట్ల శివారులో ఒక కమాన్ షాపు దగ్గర ఈ పని దగ్గరుండి చూశాను. బండి యజమాని తొందరలో ఉన్నాడు. ‘ఉస్తాద్, రెండు పట్టీలు దీసెయ్యరాదు? మెత్తగైతది గదా’ అన్నాడు. ఉస్తాద్ తల ఎత్తకుండానే చెప్పాడు. ‘దీస్తే మెత్తగైతది సార్, ఆర్నెల్లకు కూసుంటది. ముందుగాల తుప్పు దీద్దాం. బండి ఊగనీ, అప్పుడు సూద్దాం ఎన్ని దీయాల్నో.’

కట్టను బండి నుంచి దింపి వైస్‌లో బిగించాడు. పట్టీలన్నీ ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి బిగించకుండా సెంటర్ బోల్టు విప్పితే ఎగిరి తగులుతాయి. బోల్టు తీసి, వైస్‌ను కొంచెం కొంచెంగా వదులు చేస్తుంటే పట్టీల మధ్య నుంచి ఎర్రటి పొడి గుప్పున రాలింది. ఒక్కో పట్టీ మీద సుద్దతో వరుస నంబరు వేశాడు. రెండో పట్టీని తిప్పి చూపించాడు. దాని అడుగున, కింది పట్టీ మొన ఏళ్ల పాటు గీరి గీరి చేసిన గుంట ఉంది. వేలు పెడితే మెట్టులా తగిలింది. బండి ఊగినప్పుడల్లా ఆ మొన ఆ మెట్టుకు తన్నుకుని ఆగిపోతోంది. అతను మెట్టును గ్రైండర్‌తో నిలువుగా, పట్టీ పొడవు వెంట మెల్లగా నునుపు చేశాడు. అడ్డంగా గీత పడితే రేపు పట్టీ అక్కడే విరుగుతుంది. తర్వాత ప్రతి మొననూ గుండ్రంగా అరగదీశాడు. తుప్పు గీకి, గ్రాఫైట్ కలిసిన గ్రీజు పట్టించి, మొనల కింద నైలాన్ ముక్కలు పెట్టి మళ్లీ పేర్చాడు. పక్కలకు జారకుండా పట్టే క్లిప్పులను మాత్రం పట్టీలను నొక్కకుండా కొంచెం వదులుగా ఉంచాడు. ఆ క్లిప్పుల్ని గట్టిగా కొట్టేస్తే చేసిన పనంతా వృథా.

ఫ్యాక్టరీలు ఇదే సమస్యకు వేరే జవాబు కనిపెట్టాయి. పారబోలిక్ కమాన్ అంటే రెండు మూడు పట్టీలే ఉంటాయి. మధ్యలో లావు, చివరలకు సన్నం. మధ్యలో, చివరల్లో తప్ప ఒకదానికొకటి తగలవు. రాపిడి లేదు కాబట్టి తుప్పుకు చోటు తక్కువ. కొత్త లారీల్లో చాలావాటికి ఇప్పుడివే. 1930ల నాటి కార్లలో కమాన్ కట్టకు తోలు తొడుగు కుట్టి లోపల గ్రీజు నింపేవారు. మన దగ్గర కొందరు పాత ట్యూబు చుట్టిస్తారు. అది నాకు నచ్చదు. ఏటా విప్పి గ్రీజు పెట్టే ఓపిక ఉంటే సరే, లేకపోతే లోపల నీళ్లు నిలిచి మరింత తుప్పు పడుతుంది.

ఇక పట్టీలు తగ్గించే లెక్క. పట్టీ గట్టిదనం మందం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. అంటే ఒక 8 మి.మీ. పట్టీ దాదాపు రెండున్నర 6 మి.మీ. పట్టీలకు సమానం. లెక్క సులువు కోసం కట్టలో మూడు 8 మి.మీ. పట్టీలే ఉన్నాయనుకుందాం. ఒకటి తీసేస్తే గట్టిదనం మూడో వంతు తగ్గుతుంది, నిజమే. కానీ మిగిలిన రెండింటి మీద భారం ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఉస్తాద్ చెప్పిన ‘కూసునుడు’ అదే. దాని బదులు మూడింటినీ తీసి ఐదు 6 మి.మీ. పట్టీలు వేస్తే దాదాపు అంతే మెత్తదనం వస్తుంది, ఒక్కో పట్టీ మీద భారం మాత్రం ఇంచుమించు పాతదే ఉంటుంది. సన్నవి ఎక్కువ వేయడమే మేలైన పద్ధతి. రాపిడి పెరుగుతుంది కాబట్టి గ్రీజు తప్పనిసరి. ఇది లెక్క కోసమే; నిజం బండిలో ఎన్ని మార్చినా మెయిన్ పట్టీని, దాని కిందున్న రెండో పట్టీని తీయకూడదు. మెయిన్ పట్టీ విరిగితే ఇరుసును పట్టుకుని ఉండేది ఆ రెండోదే.

ఎంత మెత్తబడిందో ఇంట్లోనే కొలవొచ్చు. గట్టి నేల మీద చాసిస్‌ను జాకీతో, టైరు నేలను వదిలేదాకా లేపి, చక్రం పైనుండే మడ్‌గార్డు అంచు నుంచి ఇరుసు దాకా కొలవాలి. దించి, బండిని రెండుసార్లు ఊపి మళ్లీ కొలవాలి. రెండింటి తేడా ఆ బరువుకు కమాన్ వంగిన మేర. అది 2.5 సెం.మీ. అయితే బండి సెకనుకు మూడుసార్లకు పైగా ఊగుతుంది. 6 సెం.మీ. అయితే రెండుసార్లు, 10 సెం.మీ. అయితే ఒకటిన్నర సార్ల కంటే కాస్త ఎక్కువ. మామూలు కార్లు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఊగుతాయి. మన శరీరం నిలువు కుదుపులకు అన్నిటికంటే ఎక్కువగా బాధపడేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది కుదుపుల మధ్య. ఊపు ఆ అంకెకు ఎంత దూరంగా ఉంటే నడుముకు అంత హాయి.

జీపుకు చక్రాల మధ్య దూరం తక్కువ కావడం మరో ఇబ్బంది. సీజే-3బీకి అది 80 అంగుళాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు చక్రాల తర్వాత ఐదో వంతు సెకను కూడా కాకుండా వెనక చక్రాలు ఎక్కుతాయి. ముందు లేచి వెనక దిగి, బండి తూగుటుయ్యాలవుతుంది. రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికాలో క్యాడిలాక్‌కు వెళ్లిన ఇంజనీరు మారిస్ ఓలీ దీనికి ఉపాయం చెప్పాడు. వెనక కమాన్ కంటే ముందు కమాన్ మెత్తగా ఉండాలి. అప్పుడు ఆలస్యంగా మొదలైన వెనక ఊపు వేగంగా వచ్చి ముందు ఊపును అందుకుంటుంది, బండి మొత్తం సమంగా లేచి దిగుతుంది. మన దగ్గర వెనక పట్టీలు మాత్రమే తీయించి ముందు అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. అది తలకిందుల పని.

కూర్చున్న కమాన్‌కు మళ్లీ వంపు తేవడం కమాన్ పనిలో అసలైన విద్య. మంచి పనివాడు దాగలి మీద పట్టీని చల్లగానే, మధ్య నుంచి చివరలకు అంగుళం అంగుళం జరుపుతూ సుత్తెతో వంచుతాడు. ఆ తర్వాత కట్టను నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదులుతాడు. కూర్చోవాల్సింది అక్కడే కూర్చుంటుంది, బండికి ఎక్కించాక కాదు. పట్టీని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేవాళ్లు కూడా ఉన్నారు. తొందరగా అయిపోతుంది కానీ అక్కడితో ఆ పట్టీ పని సరి. కమాన్ ఉక్కును 850 డిగ్రీలకు పైగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ 450 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేసి పానం పెడితేనే దానికి వంగి లేచే గుణం వస్తుంది. ఎర్రగా కాల్చి గాలికి వదిలితే ఆ గుణం పోతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టకూడదన్నదీ ఇందుకే. వెల్డింగ్ పక్కనే మళ్లీ విరుగుతుంది.

వేడితో ఉక్కు గుణాన్ని మార్చే ఈ విద్యకు మన పక్క ఊరే ఒకప్పుడు ప్రపంచానికి చిరునామా. మెట్‌పల్లి అవతల, నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు. 1820కి కాస్త అటూ ఇటూగా ఈ ప్రాంతం తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పని చూసి రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మూస నుంచి తీసిన ఉక్కు ముద్ద పెళుసుగా ఉండేది. దానికి మట్టి పూసి, మళ్లీ మళ్లీ చాలాసేపు కాల్చి మెత్తబరిచేవారు. నేటి కమాన్ ఉస్తాదులు వారి వంశస్థులని నేను అనడం లేదు. కానీ ఉక్కుకు ఎంత వేడి, ఎంతసేపు అన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. ఆ జవాబు చేతుల్లో పెట్టుకున్న మనిషిని రేకు షెడ్డు చూసి తక్కువ అంచనా వేయడం మనకు తగదు.

మిగతావి త్వరగా చెప్పొచ్చు. పట్టీల రాపిడే ఇన్నాళ్లూ ఊపును ఆపుతూ వచ్చింది. అది పోయింది కాబట్టి షాక్ అబ్జార్బర్లు సరిగా ఉండాలి. బంపర్ మీద బలంగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలవాలి, రెండు మూడుసార్లు ఊగితే అవి పోయినట్టు. లారీవి తెచ్చి వేస్తే మాత్రం మళ్లీ చెక్కబండే. బాడీకీ చాసిస్‌కూ మధ్య రబ్బరు ముక్కలు రాయిలా గట్టిపడి ఉంటాయి, మార్చాలి. నైలాన్ టైర్ల బదులు రేడియల్ వేస్తే సన్నటి గతుకులు సగం మాయమవుతాయి. పదిహేను మందికి కొట్టిన గాలి ఇద్దరికి అక్కర్లేదు, కంపెనీ చెప్పినంతే ఉండాలి. సీటులో కింద గట్టి ఫోము, పైన మెత్తటిది రెండు పొరలుగా వేయించండి. టాపు వదులుగా ఉంటే గాలికి కొట్టుకునే చప్పుడే సగం అలసట తెస్తుంది. పట్టీలన్నీ పీకేసి కాయిల్ స్ప్రింగులు పెట్టించమనేవాళ్ల మాట వినకండి. చాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి, ఇరుసు కోణం మారుతుంది, స్టీరింగ్ తేడా వస్తుంది. సరిగా కట్టిన కమాన్‌తో దక్కే సుఖానికి అంత ప్రమాదం అవసరం లేదు.

చివరి పని మీద శ్రద్ధ పెట్టించండి. కమాన్ చివరను చాసిస్‌కు పట్టే షాకిల్‌లో కొత్త రబ్బరు బుష్‌లు వేశాక బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా బిగించకూడదు. అలా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగి ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. కమాన్ గట్టిపడుతుంది, బుష్‌లు కొద్ది నెలల్లో చిరుగుతాయి. బండిని నేల మీద నిలబెట్టి, సీట్లలో మామూలుగా కూర్చునేంత మందిని కూర్చోబెట్టి అప్పుడు బిగించాలి. కొత్తగా పేర్చిన కట్ట కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి దాన్ని ఇరుసుకు బిగించే యూ-బోల్టులు వదులవుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అదే షాపుకు తీసుకెళ్లి వాటిని మళ్లీ బిగించమనండి.