మాటకు బాణీ కుదిరేదాకా

రాసిన పాటకు రాగం, తాళం, నడక కుదిర్చి నలుగురూ పాడుకునేలా చేయడాన్ని బాణీ కట్టడం అంటారు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మాట ముందుగా ఉంటే దాని నడకను బట్టి స్వరం వెతకడం మొదటిది. ముందు ట్యూను కట్టి, తననాలతోనో తాత్కాలికంగా వేసుకున్న మాటలతోనో కవికి వినిపించి, ఆ కొలతకు పాట రాయించుకోవడం రెండోది. సినిమా సంగీతంలో రెండూ నడిచాయి. ‘శంకరాభరణం’ (1980) సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ కవి రాసిన సాహిత్యం చేతికి వచ్చాకే బాణీ కట్టడానికి ఇష్టపడేవారని పేరు. పద్ధతి ఏదైనా, చేసేవారికి కావలసింది రోజూ పనిలో కూర్చునే అలవాటు. బాణీ ఎప్పుడు తడుతుందో ఎవరూ చెప్పలేరు. తట్టినప్పుడు గొంతూ చేయీ సిద్ధంగా ఉండాలి. ఆ సంసిద్ధతనే సాధన అంటారు.

రోజూ చేసే పనిగా పాటను చూసినవారిలో తెలుగువారికి మొదట గుర్తొచ్చే పేరు తాళ్లపాక అన్నమయ్యది. పదహారో ఏట, 1424లో సంకీర్తనలు మొదలుపెట్టి 1503 దాకా చెప్పాడని ఆ పాటలు చెక్కిన రాగిరేకులు చెబుతున్నాయి. రోజుకు ఒకటికి తక్కువ కాకుండా చెప్పాడని సంప్రదాయం. మొత్తం 32 వేలని కూడా అదే సంప్రదాయం చెబుతుంది. 79 ఏళ్లకు రోజుకొకటి చొప్పున లెక్క వేస్తే దాదాపు 29 వేలవుతాయి. అంటే 32 వేలన్న మాట నమ్మశక్యం కానిదేమీ కాదు. మనిషి ఒక పనిని రోజూ వదలకుండా చేస్తే జీవితకాలంలో ఎంత పోగవుతుందో ఈ లెక్క చూపిస్తుంది.

ఆ రేకుల మీద పాటతో పాటు రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. అన్నమయ్య ఆ పాటను ఎలా పాడాడో తెలిసే దారి మూసుకుపోయింది. అందుకే 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ సాహిత్యానికి మళ్లీ బాణీలు కట్టారు. అయిదు వందల ఏళ్ల నాటి మాటను తమ కాలపు గొంతులోకి తెచ్చారు. నేడు ఇళ్లలో, గుళ్లలో వినిపించే అన్నమయ్య పాటల్లో చాలావాటికి స్వరం ఇలా కొత్తగా కుదిరినదే.

బాణీ కట్టేవారి రోజువారీ సాధన కూడా సరళి స్వరాలతో, జంట స్వరాలతో, అలంకారాలతో మొదలవుతుంది. కచేరీలు చేసే స్థాయికి వచ్చినవారూ పొద్దున్నే వాటిని మరోసారి పాడుకుంటారు. రాగం పుస్తకంలో చూస్తే ఆరోహణ, అవరోహణ మాత్రమే. గొంతులో ఊరితేనే అది పలుకుతుంది. మోహన రాగానికి ఉన్నవి అయిదే స్వరాలు: స రి గ ప ద. హార్మోనియం మీద అందులోని ‘గ’ను, అంటే గాంధారాన్ని, ఒక్క మెట్టు కిందికి దించి, మిగతా నాలుగింటినీ అలాగే ఉంచి వాయిస్తే శివరంజని వినిపిస్తుంది. ఒక్క మెట్టు తేడాతో వెన్నెల్లో పడవ ప్రయాణం లాంటి రాగం గుండె బరువెక్కే రాగమవుతుంది. ‘మాయాబజార్’ (1957)లోని నౌకావిహారం పాట మోహనలో ఉంది. ఆ పాటను గాంధారం దించి పాడుకుని చూస్తే ఒక స్వరం ఎంత పని చేస్తుందో ఎవరికైనా తెలుస్తుంది. ఇలాంటి చిన్న ప్రయోగాలు రోజూ చేసేవారికి, పాట చేతికి వచ్చినప్పుడు ఏ రాగం అన్న వెతుకులాట సగం తగ్గుతుంది.

తర్వాతి పని మాట నడకను వినడం. తెలుగు మాటలోనే తాళం దాగి ఉంటుంది. ‘వాన మళ్ళీ వచ్చింది’ అన్న మామూలు మాటనే తీసుకోవచ్చు. గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున లెక్కిస్తే ‘వాన’ మూడు మాత్రలు, ‘మళ్ళీ’ నాలుగు, ‘వచ్చింది’ అయిదు. మొదటి రెండు మాటలూ కలిస్తే ఏడు, అంటే ‘తకిట తకధిమి’ అనే మిశ్రగతి. మూడో మాట ‘తక తకిట’ అనే ఖండగతి. మొత్తం పన్నెండు మాత్రలు. దీన్ని మూడు నాలుగులుగా కొట్టుకోవచ్చు, నాలుగు మూడులుగానూ కొట్టుకోవచ్చు. ఒకదానిలో మాట నింపాదిగా కూర్చుంటుంది, మరొకదానిలో ఊయలలా ఊగుతుంది. చేత్తో తొడ మీద తాళం వేస్తూ రెండూ పాడి చూసుకుంటేనే పాటకు ఏది తగునో తేలుతుంది.

మాత్రలు కుదిరినా అర్థం చెడకూడదు. ‘మది’లోని మొదటి అక్షరం మీద స్వరం ఎక్కువసేపు నిలిస్తే వినేవారికి ‘మాది’ అని వినిపిస్తుంది. ‘కల’ సాగితే ‘కాల’ అవుతుంది. ‘పాలకడలి’ని ‘పాలక’ దగ్గర ఆపి ఊపిరి తీసుకుంటే పాలూ లేవు, కడలీ లేదు. ప్రశ్నకు, జవాబుకు కూడా గొంతులో ఎత్తూ పల్లమూ వేరు. ‘వచ్చావా’ అని అడిగేటప్పుడు గొంతు చివర పైకి లేస్తుంది, ‘వచ్చాను’ అని చెప్పేటప్పుడు కిందికి దిగుతుంది. అంగట్లో బేరాన్నీ పాల కోసం ఏడ్చే బిడ్డను సముదాయించే తల్లి గొంతునూ చెవిపెట్టి వినేవారికి ఈ ఎత్తుపల్లాలు దొరుకుతాయి. బాణీ కట్టేవారికి బడి అక్కడ కూడా ఉంది.

ఇంత చేసినా కుదరని రోజులుంటాయి. పల్లవి వచ్చి చరణం రాకపోవడం మామూలే. అలాంటప్పుడు ఉన్నంతవరకు స్వరాలు రాసిపెట్టుకోవాలి. ఒకప్పుడు నోటు పుస్తకం చేసిన ఈ పని ఇప్పుడు చేతిలోని ఫోను చేస్తోంది. కూనిరాగంగా వచ్చిన నాలుగు స్వరాలను అప్పటికప్పుడు పాడి దాచుకోవచ్చు. రాత్రి గొప్పగా తోచినదాన్ని తెల్లవారి వినాలి. ఒక రాత్రి గడిచాక చెవి పరాయిదాని లాగా వింటుంది. ఎప్పుడో విన్న పాట తెలియకుండా తన బాణీలోకి వచ్చి కూర్చుంటే అప్పుడే పట్టుబడుతుంది. పక్కన పెట్టిన ముక్కలు వృథా కావు. మరో పాటకు, మరో ఏడాది అక్కరకొస్తాయి.

ఈ పనిలో సంతోషాలు చిన్నవి, కానీ రోజూ దొరుకుతాయి. తంబూరా శృతి చేసుకోవడం అందులో ఒకటి. నాలుగు తంతులనూ బిరడాలతో శృతి దగ్గరికి తెచ్చి, పూసలు జరిపి సరిచేసి, బ్రిడ్జి మీద తంతి కింద నూలుపోగును వెంట్రుకవాసి అటూ ఇటూ కదుపుతారు. ఒకచోట తంతి ఒక్కసారిగా ఝుమ్మంటుంది. గది అంతా ఆ నాదం నిండుతుంది. ఇంకా ఒక్క స్వరం కూడా పాడలేదు, అయినా మనసు కుదుటపడుతుంది. శిష్యులు ఒక సంగతిని మొదటిసారి తప్పు లేకుండా అందుకోవడం మరొక సంతోషం. మొండికేసిన చరణం బస్సులోనో వంటింట్లోనో దానంతటదే వచ్చి పడటం ఇంకొకటి.

బాణీ పూర్తయిందో లేదో చూసుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. హార్మోనియం మూసి, తాళం ఆపి, తోడుగా ఏ వాద్యమూ లేకుండా పాడి చూడాలి. అప్పుడూ మాట స్పష్టంగా వినిపించి, రాగం నిలబడి, బియ్యం ఏరుకుంటూనో బట్టలు ఆరేసుకుంటూనో ఎవరైనా కూనిరాగం తీసుకోగలిగేలా ఉంటే ఆ బాణీ కుదిరినట్టు. లేకపోతే మర్నాడు పొద్దున మళ్లీ శృతి సరిచూసుకుని, పల్లవి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.